పన్ను పెరిగినా బడికి డబ్బు చాలదెందుకు? టెక్సస్ స్కూల్ డిస్ట్రిక్టుల లెక్క

క్లుప్తంగా: టెక్సస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ రోజువారీ ఆదాయం ఆ ఊళ్లో ఎంత పన్ను వసూలైందన్నదాని కన్నా, రోజూ ఎంతమంది పిల్లలు బడికి వచ్చారన్నదానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇళ్ల విలువ పెరిగితే రాష్ట్రం ఇచ్చే వాటా ఆ మేరకు తగ్గుతుంది. ఇంకా పెరిగితే మిగులు రాష్ట్రానికి పోతుంది. ఖర్చు మాత్రం పిల్లల సంఖ్యతో పాటు తగ్గదు. అది తరగతి గదుల లెక్కన, బడుల లెక్కన నడుస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన శివారు పట్టణాల్లో ఈ రెండూ, అంటే పిల్లలతో పాటు తగ్గే ఆదాయం, తగ్గని ఖర్చు, ఒకేసారి ఎదురయ్యాయి.

డాలస్ ఉత్తర శివార్లలో గత రెండు మూడేళ్లుగా తెలుగు కుటుంబాలను తికమక పెడుతున్న వార్తలు వరసగా వచ్చాయి. ప్లానో స్కూల్ బోర్డు 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. వాటిలో రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్. కొప్పెల్ బోర్డు 2024 చివర్లో పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయడానికి ఓటేసింది. అదే విద్యా సంవత్సరంలో ఫ్రిస్కో కూడా స్టేలీ మిడిల్ స్కూల్ విషయంలో అదే దారి పట్టింది. ఇవేవీ డబ్బులేని ఊళ్లు కావు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఎక్కువ ధర పెట్టి మరీ ఇళ్లు కొన్న ఊళ్లు. ఏటా ప్రాపర్టీ టాక్స్ పెరుగుతుంటే బడికి లోటెలా వచ్చిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. కొప్పెల్ లాంటి చిన్న డిస్ట్రిక్టును తీసుకుంటే జవాబు కాస్త తేలిగ్గా కనిపిస్తుంది.

మన జిల్లా వేరు, ఈ డిస్ట్రిక్ట్ వేరు

డిస్ట్రిక్ట్ అనగానే కలెక్టరు, డీఈఓ గుర్తుకొస్తారు. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అలాంటిది కాదు. అది బడుల కోసమే ఉన్న ఒక చిన్న స్థానిక ప్రభుత్వం. దానికి జనం ఎన్నుకునే బోర్డు ఉంటుంది, టెక్సస్‌లో సాధారణంగా ఏడుగురు, జీతం లేని పదవి. సొంతంగా పన్ను వేస్తుంది, అప్పు తెస్తుంది, టీచర్లను తనే పెట్టుకుంటుంది. నగరపాలక సంస్థకూ దీనికీ సంబంధం లేదు. హద్దులు కూడా కలవవు. అర్వింగ్ నగరంలో ఉన్న వ్యాలీ రాంచ్‌లో కొన్ని ఇళ్లు కొప్పెల్ డిస్ట్రిక్టులోకి వస్తాయి, కొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌లోకి వస్తాయి. అదే నగరంలో ఇంకొన్ని చోట్ల అర్వింగ్ డిస్ట్రిక్ట్. ఇల్లు చూసేటప్పుడు ఏజెంటును మొదట అడిగే ప్రశ్న ఇదే కావడానికి కారణం ఈ గజిబిజే.

పరిమాణంలో తేడాలు విపరీతం. టెక్సస్ ప్రభుత్వ బడుల్లో సుమారు 55 లక్షల మంది పిల్లలున్నారు, డిస్ట్రిక్టులు వెయ్యికి పైనే. హ్యూస్టన్‌లో లక్షన్నరకు పైగా విద్యార్థులు ఉంటే, రాష్ట్రంలో సగానికి పైగా డిస్ట్రిక్టుల్లో 1,600 మంది కూడా ఉండరు. కొప్పెల్‌లో ఉన్నది సుమారు 13,000. వాళ్లలో సగానికి పైగా ఆసియా మూలాల పిల్లలే.

తెలుగు రాష్ట్రాల్లో ఎంపీపీ, జెడ్పీ బడుల టీచర్ల జీతం 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తుంది. ఊళ్లో ఇంటి పన్ను ఎంత వసూలైందన్నదానితో దానికి పనిలేదు. పిల్లలు తగ్గితే బడికి పోయేది డబ్బు కాదు, రేషనలైజేషన్‌లో పోస్టు పోతుంది. చివరికి ఏకోపాధ్యాయ పాఠశాల మిగులుతుంది. కేంద్ర విద్యాశాఖ ఏటా తీసే బడుల గణాంకాలైన యూడైస్ 2024-25 లెక్కల్లో ఏకోపాధ్యాయ బడులు దేశంలోకెల్లా ఎక్కువగా, 12,912, ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఒక్క విద్యార్థీ లేని బడులు తెలంగాణలో 2,245. టెక్సస్‌లో వరస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు డబ్బు తగ్గుతుంది, ఆ డబ్బులో ఏ పోస్టు ఉంచాలో, ఏ బడి మూయాలో స్థానిక బోర్డే తేల్చుకోవాలి. తిట్లు కూడా బోర్డుకే.

పన్ను బిల్లులో పెద్ద గీత

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ లోటును ఇళ్లమీద పన్ను పూడుస్తుంది. శరదృతువులో వచ్చే బిల్లు తెరిస్తే కౌంటీ, నగరం, కమ్యూనిటీ కాలేజీ, ఆసుపత్రి డిస్ట్రిక్ట్, స్కూల్ డిస్ట్రిక్ట్ అంటూ విడివిడి గీతలు ఉంటాయి. వాటిలో స్కూల్ గీతే పెద్దది, చాలా ఇళ్లకు మొత్తం బిల్లులో దాదాపు సగం. చాలామందికి ఇది నెలవారీ మార్టగేజ్‌లో ఎస్క్రో కింద, అంటే పన్ను కోసం ముందే నెలనెలా తీసి ఉంచే సొమ్ముగా, కలిసిపోతుంది కాబట్టి బిల్లు చూడరు, ఎస్క్రో పెరిగిందన్న ఉత్తరం మాత్రం చూస్తారు. స్కూలు గీత పెద్దది కాబట్టి ఆ డబ్బంతా బడికే పోతోందనుకోవడంలో తప్పు లేదు. కానీ జరిగేది అది కాదు.

ముందుగా రాష్ట్రం ఒక లెక్క వేస్తుంది. ఒక్కో పిల్లవాడికి ఇంత అని ఒక మూల మొత్తం ఉంటుంది. దాన్ని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు. 2019లో దీన్ని 5,140 డాలర్ల నుంచి 6,160కి పెంచారు. ఆ తరవాత ఆరేళ్లు కదల్లేదు. 2025లో హెచ్‌బీ 2 చట్టం మరో 55 డాలర్లు కలిపింది, దాంతో 6,215 అయింది. ఇంగ్లిష్ రాని పిల్లలు, పేద పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఉంటే వాళ్ల లెక్కన కొంత అదనం కలుస్తుంది. ఇలా తేలిన మొత్తమే ఆ డిస్ట్రిక్టుకు హక్కుగా రావలసిన డబ్బు. అందులో స్థానిక పన్నుతో వచ్చినంత పోను మిగతాది రాష్ట్రం ఇస్తుంది.

అదనాలు పక్కనపెట్టి ఒక ఊహాజనిత డిస్ట్రిక్టును చూద్దాం. సగటున 1,000 మంది పిల్లలు హాజరవుతారు, అంటే రావలసింది 62.15 లక్షల డాలర్లు. స్థానికంగా 40 లక్షలు వసూలైతే రాష్ట్రం 22.15 లక్షలు ఇస్తుంది. ఇళ్ల విలువలు పెరిగి వసూళ్లు 50 లక్షలకు చేరితే రాష్ట్రం ఇచ్చేది 12.15 లక్షలకు పడిపోతుంది. ఇళ్లవాళ్లు 10 లక్షలు ఎక్కువ కట్టారు, బడి ఖాతాలో మాత్రం అదే 62.15 లక్షలు. ఆదా అయింది రాష్ట్ర ఖజానాకు. వసూళ్లు 70 లక్షలకు చేరితే? అప్పుడు దాదాపు 7.85 లక్షలు డిస్ట్రిక్టే రాష్ట్రానికి కట్టాలి. దీన్నే రికాప్చర్ అంటారు, వాడుకలో రాబిన్ హుడ్. కొప్పెల్ ఏళ్ల తరబడి ఇలా కట్టే జాబితాలో ఉన్న డిస్ట్రిక్ట్.

పన్ను రేటు పెరగలేదు కదా అని బోర్డు చెప్పే మాట కూడా నిజమే. 2019 చట్టం విలువలు పెరిగినకొద్దీ రేటును కిందికి నొక్కుతుంది. అంతకుముందు చాలా చోట్ల 100 డాలర్ల విలువకు ఒక డాలరు పైన ఉన్న నిర్వహణ పన్ను ఇప్పుడు 70 సెంట్ల చుట్టుపక్కలకు దిగింది. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఇంటి విలువలో కొంత భాగంపై పన్ను వదిలేసే హోమ్‌స్టెడ్ మినహాయింపును 2023లో 40,000 నుంచి లక్షకు, 2025 నవంబరులో 1,40,000 డాలర్లకు పెంచారు. దానివల్ల తగ్గే ఆదాయాన్ని రాష్ట్రం పూడుస్తుంది. మొత్తం మీద పన్ను తగ్గింపుకు వేల కోట్ల డాలర్లు వెచ్చించిన రాష్ట్రం, అదే కాలంలో తలసరి మొత్తాన్ని అలాగే ఉంచింది. 2019 నుంచి 2025 లోపు అమెరికాలో ధరలు నాలుగో వంతు పెరిగాయి. 6,160 డాలర్లు కాగితం మీద మారకపోయినా దాంతో కొనగలిగింది తగ్గిపోయింది. లోటుకు అసలు మూలం ఇక్కడుంది. బోర్డు దుబారా అన్న విమర్శ కొన్నిచోట్ల నిజం కావచ్చు గానీ, ఒకే సమయంలో ఇన్ని డిస్ట్రిక్టుల్లో లోటు రావడాన్ని అది వివరించలేదు.

రాబిన్ హుడ్ ఎందుకొచ్చింది

రికాప్చర్ అన్యాయమని కట్టే ఊళ్లవాళ్లు అంటారు. అది పుట్టడం వెనక సాన్ ఆంటోనియోలో రెండు ఇరుగుపొరుగు డిస్ట్రిక్టుల కథ ఉంది. ఎడ్జ్‌వుడ్‌లో ఎక్కువగా మెక్సికన్ మూలాల పేద కుటుంబాలు, అలమో హైట్స్‌లో సంపన్నులు. ఎడ్జ్‌వుడ్ వాళ్లు ఎక్కువ రేటుతో పన్ను కట్టినా ఇళ్ల విలువే తక్కువ కాబట్టి పిల్లవాడికి దక్కేది తక్కువే. ఈ వివాదం అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్తే, విద్యలో సమాన నిధులు ఫెడరల్ రాజ్యాంగపు హక్కు కాదని 1973లో 5-4 తేడాతో తీర్పొచ్చింది. తరవాత పోరాటం రాష్ట్ర రాజ్యాంగం మీదికి మళ్లింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఎడ్జ్‌వుడ్ పక్షాన నిలిచింది. రెండు మూడు విఫలయత్నాల తరవాత 1993లో శాసనసభ తెచ్చిన పద్ధతే రికాప్చర్.

ఉద్దేశం మంచిదే. ఒక డిస్ట్రిక్టులో ఆఫీసు భవనాలు, మాల్స్ ఉన్నంత మాత్రాన అక్కడి పిల్లలకు రెట్టింపు డబ్బు, పక్క ఊరి పిల్లలకు సగం రావడం సరికాదు. చిక్కల్లా ఆ మొత్తం పెరిగిన తీరులో ఉంది. 2022-23 నాటికి ఏడాదికి 400 కోట్ల డాలర్లు దాటింది. అన్నిటికన్నా ఎక్కువ కట్టే ఆస్టిన్ డిస్ట్రిక్టులో పేద పిల్లలు తక్కువేమీ కాదు. ఇళ్ల ధరలు పెరిగిన ప్రతిచోటా ఊరు సంపన్నమైనట్టే లెక్క. ఇంట్లోవాళ్ల జీతం, బడి అవసరం లెక్కలోకి రావు.

రిజిస్టర్లో పేరు కాదు, ఆ రోజు కుర్చీలో పిల్లవాడు

ఎక్కువ రాష్ట్రాలు బడిలో పేరున్న పిల్లల సంఖ్యను బట్టి డబ్బిస్తాయి. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి కొన్ని మాత్రం సగటు రోజువారీ హాజరును చూస్తాయి. టెక్సస్‌లో బడి రోజూ ఒక నిర్ణీత సమయానికి, చాలాచోట్ల ఉదయం పది గంటల ప్రాంతంలో, హాజరు తీస్తుంది. ఆ క్షణానికి ఉన్నవాళ్లే లెక్క. ఏడాదికి దాదాపు 175 బడి దినాలు అనుకుంటే, ఒక పిల్లవాడు ఒక రోజు రాకపోతే మూల మొత్తంలోనే సుమారు 35 డాలర్లు పోయినట్టు. జ్వరమొచ్చి మానినా, అమ్మ చీటీ రాసి పంపినా ఈ లెక్కలో తేడా లేదు. 13,000 మంది ఉన్న డిస్ట్రిక్టులో హాజరు ఒక్క శాతం తగ్గితే 130 మంది పిల్లల డబ్బు, అంటే 8 లక్షల డాలర్లు పోతాయి. టీచరు జీతం, కరెంటు బిల్లు మాత్రం ఆ ఒక్క శాతం కోసం తగ్గవు.

తెలుగు కుటుంబాలకు ఇది దగ్గరి విషయమే. డిసెంబరు సెలవులకు ముందు పది రోజులు, తరవాత సంక్రాంతి దాకా కలుపుకొని ఇండియా వెళ్లిరావడం మామూలే. టికెట్ ధరలు చూస్తే ఎవరినీ తప్పుపట్టలేం. అయితే ఇలా వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఎలిమెంటరీల్లో ఆ రెండు వారాల హాజరు పడిపోతుంది. ఇంకోపక్క చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు. మతపరమైన పండగ రోజున మానితే, తల్లిదండ్రులు ముందుగా రాసిస్తే, నిధుల లెక్కకు ఆ పిల్లవాడు హాజరైనట్టే. దీపావళికీ ఇది వర్తిస్తుంది. డాక్టరు అపాయింట్‌మెంట్‌కు వెళ్లి అదే రోజు బడికి తిరిగొస్తే కూడా హాజరు పోదు. పొద్దున్నే ఆఫీసులో ఆ కాగితం ఇవ్వకుండా ఒంట్లో బాగాలేదని ఆప్‌లో కొట్టేసినప్పుడు బడికి డబ్బు పోతుంది, ఎవరికీ తెలియదు.

పిల్లలు ఏమయ్యారు

మొదటి కారణం జననాలు. అమెరికాలో 2007లో 43 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు, అది రికార్డు. 2023లో పుట్టినవాళ్లు దాదాపు 36 లక్షలు. 2007 పిల్లలు 2025, 2026ల్లో పన్నెండో తరగతి దాటి వెళ్లిపోతున్నారు. వాళ్ల స్థానంలో కిండర్‌గార్టెన్‌కు వస్తున్నది 2020 నాటి చిన్న బ్యాచ్. పై తలుపు నుంచి 1,000 మంది పోయి కింది తలుపు నుంచి 850 మంది వస్తే, ఎవరూ ఊరు వదిలి వెళ్లకపోయినా మొత్తం తగ్గుతుంది.

రెండో కారణం ఇళ్లు. కొప్పెల్‌లో ఖాళీ స్థలం దాదాపు అయిపోయింది. 1990లలో వచ్చినవాళ్ల పిల్లలు పెద్దయి వెళ్లారు, తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు. వాళ్లు ఇల్లు అమ్మకపోవడానికి బలమైన కారణాలున్నాయి. 2021లో మూడు శాతం వడ్డీకి రీఫైనాన్స్ చేసుకున్నవాళ్లు ఇప్పుడు అంతకు రెట్టింపు వడ్డీకి కొత్త ఇల్లు ఎందుకు కొంటారు? పైగా 65 ఏళ్లు దాటితే టెక్సస్‌లో స్కూల్ పన్ను అక్కడికి స్తంభిస్తుంది, ఆ తరవాత ఇంటి విలువ ఎంత పెరిగినా ఆ మొత్తం పెరగదు. వృద్ధులకు అది న్యాయమే. కానీ నాలుగు బెడ్‌రూముల ఇళ్లు ఇద్దరు మనుషులతో నిండిపోవడానికి అదీ ఒక కారణం. అమ్మకానికి వచ్చిన ఇల్లు కొనగలిగేది నలభైల్లో ఉన్నవాళ్లు. వాళ్ల పిల్లలు వచ్చేది మిడిల్ స్కూల్‌కు, హైస్కూల్‌కు. అందుకే ముందు ఖాళీ అయ్యేవి ఎలిమెంటరీలు. కొప్పెల్ డిస్ట్రిక్టుకు చిన్నపిల్లలు వస్తున్నది ఎక్కువగా సైప్రస్ వాటర్స్ లాంటి అపార్ట్‌మెంట్ల నుంచే కావడం ఇందువల్లే.

ముప్పైల్లో ఉన్న జంటలు ఎక్కడికి పోతున్నారు? 380 రోడ్డు దాటి ఉత్తరానికి. ప్రాస్పర్, సెలైనా, యానా, ప్రిన్స్‌టన్ డిస్ట్రిక్టుల్లో పరిస్థితి పూర్తిగా తలకిందులు. అక్కడ పోర్టబుల్ గదులు, ఏటా కొత్త బడులు, వాటిని కట్టడానికి బాండ్ల అప్పులు. ఇరవై ఏళ్ల కిందట ఫ్రిస్కో ఉన్న చోటే ఇప్పుడు సెలైనా ఉంది. రాబోయే కాలంలో వలస కూడా ఒక అంశం కావచ్చు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఐటీ కుటుంబాల రాకతో పిల్లల సంఖ్య నిలబెట్టుకుంటూ వచ్చిన డిస్ట్రిక్టులకు ఆ రాక మందగిస్తే దెబ్బ ముందు తగులుతుంది.

ప్రభుత్వ డబ్బుతోనే డిస్ట్రిక్టుకు బయట నడిచే చార్టర్ బడుల పోటీ ముందు నుంచీ ఉంది. 2026-27 నుంచి ప్రైవేటు బడి ఫీజుకు రాష్ట్రం డబ్బిచ్చే పథకం కూడా మొదలవుతుంది. 2025 మే నెలలో సంతకమైన ఆ చట్టానికి తొలి విడత 100 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కో పిల్లవాడికి 10,000 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. ఆ సొమ్ము డిస్ట్రిక్టుల ఖాతా నుంచి నేరుగా తీయరు. కానీ పిల్లవాడు వెళ్లిపోతే అతని హాజరుతో వచ్చే డబ్బూ పోతుంది కాబట్టి ఫలితం ఒకటే.

ఆరుగురు పిల్లలు తగ్గితే ఏమవుతుంది

డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో 80 శాతానికి పైగా జీతాలే. అంటే పొదుపు చేయాలంటే మనుషులను తగ్గించాలి. కానీ మనుషులు పిల్లల్లా ఒక్కొక్కరుగా తగ్గరు.

టెక్సస్ చట్టం ప్రకారం నాలుగో తరగతి వరకు ఒక గదిలో 22 మందికి మించకూడదు, మించితే మినహాయింపు అడగాలి. రెండో తరగతిలో 66 మంది ఉంటే మూడు గదులు, ముగ్గురు టీచర్లు. మరుసటి ఏడాది 60 మందే వచ్చారు. ఆరుగురు తగ్గినందుకు 37,290 డాలర్లు పోయాయి. 60 మందిని రెండు గదుల్లో కుక్కలేరు. కాబట్టి ముగ్గురు టీచర్లూ ఉండాల్సిందే, ఒక్క డాలరు కూడా మిగల్లేదు. ఇలా పది బడుల్లో ప్రతి తరగతిలో నలుగురైదుగురు తగ్గితే ఎక్కడా టీచరును తీయలేని, ప్రతిచోటా డబ్బు పోయే స్థితి వస్తుంది. అటు వైపు 66కు ఇంకొక్కరు చేరి 67 అయితే నాలుగో గది తెరవాలి, అప్పుడు ఒక్క పిల్లవాడి కోసం ఒక జీతం.

బడి మూయడం ఎందుకు మొదట గుర్తొస్తుందంటే ఇందుకే. 350 మంది ఉన్న ఎలిమెంటరీకీ 650 మంది ఉన్నదానికీ ప్రిన్సిపల్ ఒకరే, నర్సు ఒకరే, కౌన్సెలర్, లైబ్రేరియన్, ఆఫీసు సిబ్బంది దాదాపు అంతే. రెండు సగం నిండిన బడులను కలిపితే ఆ రెండో జట్టు జీతాలు మిగులుతాయి, మూడు చోట్ల చెదిరిన 20, 19, 17 మందిని మళ్లీ నిండు తరగతులుగా చేయవచ్చు. భవనం మూసినందుకు మిగిలేది తక్కువ, అసలు ఆదా సిబ్బంది కూర్పులో ఉంటుంది. టీచర్లలో చాలామందికి ఉద్యోగం పోదు. రిటైరైన, వదిలి వెళ్లిన వాళ్ల స్థానాలు నింపకుండా వీళ్లను అక్కడికి సర్దుతారు.

హైస్కూల్లో కోత వేరేలా కనబడుతుంది. అక్కడ చట్టపరమైన 22 పరిమితి లేదు కాబట్టి తరగతులు 30 దాటతాయి. 12 మందే ఎంచుకున్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సు, మూడో స్థాయి ఫ్రెంచ్ లాంటివి బడి మొత్తం టైంటేబుల్ వేసేటప్పుడే మాయమవుతాయి. మంచి డిస్ట్రిక్ట్ అని పేరు తెచ్చినవి సాధారణంగా ఈ చిన్న తరగతులే.

తగ్గించలేనిది ప్రత్యేక విద్య. 1975 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అవసరమైన ప్రతి పిల్లవాడికీ సేవలు ఇవ్వాల్సిందే. ఖర్చులో 40 శాతం భరిస్తామన్న ఫెడరల్ ప్రభుత్వం సాధారణంగా అందులో సగం కూడా ఇవ్వడం లేదు. టెక్సస్‌లో దీనికి ఇంకో పాత బాకీ ఉంది. 2004 నుంచి చాలా ఏళ్లు ప్రత్యేక విద్యలో 8.5 శాతం మందినే చేర్చేలా రాష్ట్రం ఒక అనధికార పరిమితి నడిపింది. అది చట్టవిరుద్ధమని ఫెడరల్ విద్యాశాఖ 2018లో తేల్చింది. పరిమితి పోయాక సంఖ్య వేగంగా పెరిగింది. మొత్తం పిల్లలు తగ్గుతున్న బడిలోనే స్పీచ్ థెరపిస్టులు, సహాయకుల పోస్టులు పెరుగుతుండడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు.

కోవిడ్ కాలంలో ఈ లోటు కనబడకపోవడానికి ఫెడరల్ సాయం కారణం. దేశవ్యాప్తంగా బడులకు దాదాపు 19,000 కోట్ల డాలర్లు వచ్చాయి, వాటి గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. బడుల మూసివేత నిర్ణయాలు 2024లోనే ఎందుకు గుమికూడాయన్నదానికి క్యాలెండరే కొంత జవాబు.

స్టేడియానికి డబ్బుంది, టీచరుకు లేదా?

ఇది న్యాయమైన అనుమానమే. స్కూల్ పన్నులో రెండు ఖాతాలుంటాయి. ఎమ్ అండ్ ఓ అనే నిర్వహణ ఖాతా జీతాలకు, కరెంటుకు, బస్సులకు. ఐ అండ్ ఎస్ అనే రెండో ఖాతా బాండ్ల అప్పు తీర్చడానికి. ఓటర్లు ఆమోదించిన బాండు డబ్బుతో బడి కట్టవచ్చు, పైకప్పు మార్చవచ్చు, బస్సులు, కంప్యూటర్లు కొనవచ్చు. టీచరుకు జీతం ఇవ్వకూడదు. రికాప్చర్ నిర్వహణ ఖాతాకే వర్తిస్తుంది, బాండు సొమ్ము మొత్తం ఊళ్లోనే ఉంటుంది. అందుకే ఇళ్ల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు చేయగలిగిన ప్రతి ఖర్చునూ రెండో ఖాతాలోకి నెట్టడానికి చూస్తాయి. ఆలెన్‌లో 2012లో తెరిచిన 6 కోట్ల డాలర్ల ఫుట్‌బాల్ స్టేడియం అలా బాండు డబ్బుతో కట్టిందే. అది కట్టకపోయినా ఆ సొమ్ముతో ఒక్క టీచరును కూడా పెట్టగలిగేవాళ్లు కాదు. కట్టాలా వద్దా అన్నది వేరే చర్చ.

నిర్వహణ ఖాతాను పెంచుకునే దారి ఒకటుంది. నిర్ణీత పరిమితిలో కొన్ని సెంట్లు రేటు పెంచుతామని ఓటర్లను అడగడం. ఆ సెంట్లలో మొదటి కొన్నింటికి రికాప్చర్ ఉండదు, వాటిని బంగారు పెన్నీలంటారు. ఆ తరవాతివి రాగి పెన్నీలు, వాటిలో కొంత రాష్ట్రానికి పోవచ్చు. ఫ్రిస్కో 2024 నవంబరులో ఇలా అడిగితే ఓటర్లు కాదన్నారు.

చిన్నదానికి దక్కేది, దక్కనిది

టెక్సస్ ఫార్ములా చిన్నవాటిని పూర్తిగా వదిలేయలేదు. సగటు హాజరు 1,600 లోపు ఉంటే ఒక రకం అదనపు నిధి, 5,000 లోపు ఉంటే మరో రకం. హెచ్‌బీ 2 కింద టీచర్ల జీతం పెంపు కూడా ఈ గీత మీదే విడిపోయింది. 5,000 లేదా అంతకు తక్కువ విద్యార్థులున్న డిస్ట్రిక్టులో అయిదేళ్లు, ఆపైన అనుభవం ఉన్న టీచరుకు 8,000 డాలర్లు, మూడు నాలుగేళ్ల అనుభవం ఉంటే 4,000. పెద్ద డిస్ట్రిక్టుల్లో ఇవే 5,000, 2,500. పల్లెటూరి బడుల్లో జీతాలు తక్కువ, టీచర్లు దొరకరు కాబట్టి ఈ తేడా. రాష్ట్రంలో 2023-24లో కొత్తగా చేరిన టీచర్లలో దాదాపు మూడో వంతుకు సర్టిఫికెట్ లేదు, వాళ్లలో చాలామంది అలాంటి ఊళ్లలోనే చేరారు. డబ్బు ఇవ్వలేని కొన్ని డిస్ట్రిక్టులు నాలుగు రోజుల వారం పెట్టి టీచర్లను ఆకర్షిస్తున్నాయి. చట్టం రోజులను కాక ఏడాదికి 75,600 నిమిషాలను లెక్కిస్తుంది కాబట్టి అది సాధ్యమే.

కొప్పెల్ లాంటివి ఈ రెంటికీ మధ్య ఇరుక్కుంటాయి. 13,000 మందితో చిన్నవాటికిచ్చే అదనం దక్కదు. పెద్ద డిస్ట్రిక్టుల్లా ఒక మూల తగ్గితే ఇంకో మూల పెరిగే భూమి లేదు. పేద పిల్లలు తక్కువ కాబట్టి ఆ ఖాతాలో వచ్చేదీ తక్కువే. మిగిలిన మార్గాల్లో బయటి డిస్ట్రిక్టుల పిల్లలను ట్రాన్స్‌ఫర్ మీద తీసుకోవడం ఒకటి. ఖాళీ కుర్చీ నిండితే మూల మొత్తం వస్తుంది, కొత్త గది అక్కర్లేదు. అయితే పక్క డిస్ట్రిక్టూ అదే పని చేస్తుంది, కాబట్టి మొత్తం మీద పిల్లల సంఖ్య పెరగదు, చేతులు మారుతుంది.

ముందున్న తేదీలు

హెచ్‌బీ 2 మొత్తం ప్యాకేజీ 850 కోట్ల డాలర్లు. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా టీచర్ల జీతాలకే అని ముందే గీసి ఇచ్చారు. ఇన్సూరెన్సు, కరెంటు, రవాణా లాంటి ఖర్చులకు తలకు 106 డాలర్లు విడిగా పెట్టారు. జీతం పెరిగిన టీచరుకు అది ఊరటే. బోర్డు తన లోటు పూడ్చుకోవడానికి వాడగలిగేది మాత్రం ఆ 55, 106 డాలర్ల ముక్కలే. కౌన్సెలర్లకు, లైబ్రేరియన్లకు అదే స్థాయి పెంపు లేదు. కాబట్టి 8,000 డాలర్లు పెరిగిన టీచరు పని చేసే బడిలోనే లైబ్రేరియన్ పోస్టు తీసేస్తున్నారన్న వార్త రావచ్చు. రెండూ నిజమే అవుతాయి.

ప్రత్యేక విద్య నిధులు 2026-27 నుంచి పిల్లవాడు ఏ గదిలో కూర్చున్నాడన్నదాన్ని బట్టి కాక, ఎంత సేవ అందుతోందన్నదాన్ని బట్టి లెక్కవేస్తారు. ఎక్కువ సహాయం అవసరమైన పిల్లలున్న డిస్ట్రిక్టులకు ఇది మేలు చేయవచ్చు. ప్రైవేటు బడి పథకం ప్రభావం కూడా అదే ఏడాది అక్టోబరు చివరి శుక్రవారం తీసే విద్యార్థుల లెక్కలో మొదటిసారి కనబడుతుంది. మూల మొత్తాన్ని గట్టిగా పెంచాలన్నా, హాజరు బదులు నమోదు సంఖ్యకు మారాలన్నా శాసనసభే చేయాలి. టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది. తరవాతి రెగ్యులర్ సమావేశం 2027 జనవరిలో. అంతకుముందే, 2026-27 బడ్జెట్‌ను బోర్డులు ఇప్పుడున్న లెక్కతోనే ఆమోదించుకోవాలి.